యూనిట్ 9: వేలాండ్‌లో చీలికలు, ఉమ్మడి లైబ్రరీలు – ఒక విమర్శ

9.1 ప్రవేశిక

గత యూనిట్‌లో ఎక్స్ విండో వ్యవస్థను, దాని స్థానంలోకి వస్తున్న వేలాండ్‌ను పోల్చి చదివారు. ఈ యూనిట్‌లో కొత్త సాంకేతిక విషయాలు తక్కువ. లినక్స్ వాడేవారిలో బాగా వ్యాప్తిలో ఉన్న ఒక వాదాన్ని తీసుకొని, అది ఎంతవరకు నిలుస్తుందో చూడటమే ఇక్కడ మన పని.

ఆ వాదం ఇలా సాగుతుంది. ఎక్స్ కాలంలో అందరికీ ఒకే డిస్‌ప్లే సర్వర్ ఉండేది. వేలాండ్ వచ్చాక ప్రతి డెస్క్‌టాప్ తన సర్వర్‌ను తానే రాసుకుంటోంది. అందువల్ల ఒకే పని పది చోట్ల జరుగుతోంది, వాడుకరికి ఒక్కో చోట ఒక్కో అనుభవం ఎదురవుతోంది. కాబట్టి అందరూ ఒకే ఉమ్మడి లైబ్రరీ మీద కట్టుకుంటే ఈ బాధ తీరిపోతుంది.

ఇందులో మొదటి మూడు మాటలూ చాలావరకు నిజమే. నాలుగో మాట దగ్గరే తేడా వస్తుంది. రెండు వేరువేరు జబ్బులకు ఒకే మందు రాసినట్లుంటుంది ఆ సలహా. ఆ రెండింటినీ విడదీసి చూస్తే, లైబ్రరీ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో తెలుస్తుంది.

9.2 ఒకే సర్వర్ కాలం

ఎక్స్ 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టింది. మనం ఈనాటికీ వాడుతున్న 11వ రూపం 1987లో వచ్చింది. ఆ నిర్మాణంలో తెరను, కీబోర్డును, మౌస్‌ను పట్టుకొని ఉండే సర్వర్ ఒకటి. కిటికీలను ఎక్కడ పెట్టాలో, వాటికి అంచులు ఎలా గీయాలో నిర్ణయించే విండో మేనేజర్ వేరొకటి. విండో మేనేజర్ కూడా సర్వర్ దృష్టిలో ఒక మామూలు ప్రోగ్రామే. అందుకే దాన్ని రాయడం సులభం. డి.డబ్ల్యు.ఎం. అనే విండో మేనేజర్ మొత్తం రెండు వేల వరుసలు దాటకూడదని దాన్ని తయారుచేసినవారు నియమం పెట్టుకున్నారు. కష్టమైన పనులన్నీ సర్వరే చేసిపెడుతున్నప్పుడు అలాంటి నియమం పెట్టుకోవడం సాధ్యమే.

సర్వర్ ఒక్కటిగా ఉండటం కూడా ఎవరో కూర్చొని వేసిన పథకం కాదు. ఎక్స్‌ఫ్రీ86 అనే అమలు 2004లో తన లైసెన్సును మార్చినప్పుడు పంపిణీదారులు దాన్ని వదిలి ఎక్స్.ఆర్గ్ వైపు వచ్చేశారు. ఆ తర్వాత లినక్స్ డెస్క్‌టాప్‌కు ఆచరణలో ఒకే సర్వర్ మిగిలింది. ప్రోటోకాల్‌లో స్పష్టంగా లేని విషయాల్లో సైతం ఆ సర్వర్ ఎలా ప్రవర్తిస్తే అదే ప్రమాణం.

పాత ఏకత్వాన్ని మెచ్చుకునేవారు దాని ధరను లెక్కలో వేయరు. ఎక్స్‌లో తెరను ఫోటో తీసే ప్రోగ్రామ్ ఏ డెస్క్‌టాప్‌లోనైనా పనిచేసేది. ఎందుకంటే ఏ ప్రోగ్రామ్ అయినా మొత్తం తెరను చదవవచ్చు, పక్క ప్రోగ్రామ్‌లో మీరు కొడుతున్న కీలనూ వినవచ్చు. తలుపులకు తాళాలు లేని ఇంట్లో అన్ని గదులకూ దారి ఒకటే అన్నమాట.

క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టిన వేలాండ్ ఈ తలుపులకు తాళాలు వేసింది. దాని 1.0 రూపం 2012లో విడుదలైంది. అయితే వేలాండ్ అనేది సర్వర్ కాదు, ఒక ప్రోటోకాల్. దానితోపాటు సందేశాలు పంపడానికి ఒక చిన్న లైబ్రరీ, నమూనాగా వెస్టన్ అనే కంపోజిటర్ వచ్చాయి. ఈ పద్ధతిలో డిస్‌ప్లే సర్వర్, విండో మేనేజర్, బొమ్మలను కలిపి తెర మీద పెట్టే కంపోజిటర్ మూడూ ఒకే ప్రోగ్రామ్. దాని ఫలితం వెంటనే కనిపించింది. కిటికీలను పక్కపక్కన అమర్చే చిన్న విండో మేనేజర్ రాయాలనుకున్నవాడు కూడా కెర్నెల్‌తో మాట్లాడి తెరను వెలిగించాలి. కీబోర్డు, టచ్‌ప్యాడ్‌ల సంకేతాలను అర్థం చేసుకోవాలి. రెండో మానిటర్ తగిలిస్తే, తీసేస్తే తట్టుకోవాలి. పాత ఎక్స్ ప్రోగ్రామ్‌ల కోసం ఎక్స్‌వేలాండ్‌ను నడపాలి. ఈ చీలిక ఎవరి అహంకారం వల్లో రాలేదు. నిర్మాణంలోనే ఉంది.

9.3 రెండు రకాల చీలికలు

ఒకటి, అమలులో పునరుక్తి. ఒకే పనిని నలుగురు నాలుగు చోట్ల రాయడం. ఈ భారం రాసేవారి మీద పడుతుంది. రెండోది, ప్రవర్తనలో తేడా. ఒకే అప్లికేషన్‌కు ఒక డెస్క్‌టాప్‌లో ఒక సమాధానం, ఇంకో డెస్క్‌టాప్‌లో ఇంకో సమాధానం రావడం. ఈ భారం అప్లికేషన్ రాసేవారి మీద, చివరకు వాడుకరి మీద పడుతుంది. మనం పరిశీలిస్తున్న వాదం ఈ రెండింటినీ కలిపేస్తుంది.

మొదటి రకానికి ఎన్‌విడియా ఉదంతం మంచి ఉదాహరణ. బొమ్మల జ్ఞాపకాన్ని సర్వర్‌కు అందించడానికి మిగతా డ్రైవర్లన్నీ జి.బి.ఎం. అనే పద్ధతి వాడుతుండగా, ఎన్‌విడియా ఇ.జి.ఎల్. స్ట్రీమ్స్ అనే తన పద్ధతిని ముందుకు తెచ్చింది. గ్నోమ్, కేడీఈ తమ కంపోజిటర్లలో దానికోసం విడిగా కోడ్ చేర్చుకున్నాయి. స్వే ససేమిరా అంది. చివరకు 2021లో ఎన్‌విడియాయే జి.బి.ఎం.కు మద్దతు ఇచ్చింది. అందరికీ ఒకే లైబ్రరీ ఉండి ఉంటే ఆ కోడ్‌ను ఒక్కచోట రాస్తే సరిపోయేది కదా అని వాదించవచ్చు. కానీ అదే నాణేనికి రెండో వైపు చూడండి. ఆ ఒక్క లైబ్రరీ నిర్వాహకులు స్వే లాగా కాదంటే, ఆ కార్డు ఉన్న ఎవరికీ వేలాండ్ దక్కేది కాదు. అవునంటే, ఎన్‌విడియా మీద ఒత్తిడే ఉండేది కాదు. ఉమ్మడి లైబ్రరీ శ్రమను తగ్గించడంతో ఆగదు. నిర్ణయాలను కూడా ఒకే చోటికి చేరుస్తుంది. ఈ సంగతిని లైబ్రరీ పక్షపాతులు ఎందుకో పెద్దగా చర్చించరు.

రెండో రకానికి కిటికీ అంచుల తగాదాను తీసుకోవచ్చు. కిటికీకి పైపట్టీ, మూసే గుర్తు ఎవరు గీయాలి? కేడీఈలో సర్వర్ గీస్తుంది. గ్నోమ్‌లో అప్లికేషనే గీసుకోవాలి. ఇందుకోసం ఉన్న ప్రోటోకాల్‌ను గ్నోమ్ అమలు చేయలేదు. పెద్ద టూల్‌కిట్‌లతో రాసిన ప్రోగ్రామ్‌లకు ఇది సమస్య కాదు. ఒక ఆటకో, వీడియో ప్లేయర్‌కో మాత్రం గ్నోమ్‌లో మొండి కిటికీ మిగులుతుంది. అలాంటి ప్రోగ్రామ్‌ల కోసం లిబ్‌డెకార్ అనే లైబ్రరీ వచ్చింది. ఆటలు ఎక్కువగా వాడే ఎస్.డి.ఎల్. దాన్ని ఉపయోగిస్తుంది. ఇక్కడ కూడా ఉమ్మడి లైబ్రరీ వచ్చింది, కానీ సర్వర్ వైపు కాదు, అప్లికేషన్ వైపు. సర్వర్ల మధ్య కుదరని ఒప్పందానికి ఖర్చును అప్లికేషన్లు పంచుకుంటున్నాయి. ఇది కట్టు కట్టడమే కానీ గాయం మానడం కాదు.

9.4 లైబ్రరీ గెలిచిన చోటు

లిబ్‌ఇన్‌పుట్‌ను చూడండి. వెస్టన్‌లో ఉన్న ఇన్‌పుట్ కోడ్‌ను విడదీసి దీన్ని తయారుచేశారు. పీటర్ హట్టరర్ నిర్వహణలో ఎదిగింది. టచ్‌ప్యాడ్ మీద పొరపాటున ఆనిన అరచేతిని వేలిగా లెక్కించకుండా ఉండటం, ఒక్కో ల్యాప్‌టాప్ నమూనాకు ఉన్న తిక్కలను గుర్తుపెట్టుకొని సరిచేయడం దీని పని. మట్టర్, కెవిన్, వెస్టన్, స్వే అన్నీ దీన్నే వాడతాయి. ఎక్స్.ఆర్గ్ సైతం ఒక డ్రైవర్ ద్వారా దీన్ని తెచ్చుకుంది. కీబోర్డు అమరికలను అర్థం చేసుకునే ఎక్స్‌కేబీకామన్, మానిటర్ తన గురించి పంపే వివరాలను చదివే లిబ్‌డిస్‌ప్లే-ఇన్ఫో కూడా ఈ కోవలోవే.

వీటిలో సామాన్యంగా ఉన్న గుణం ఏమిటి? ప్రతి సమస్యకూ దాదాపు ఒకే సరైన సమాధానం ఉంది. అరచేయి అరచేయే. మానిటర్ పంపిన అంకెలను గ్నోమ్ ఒకలా, కేడీఈ ఒకలా చదవాల్సిన అవసరం లేదు. ఇక్కడ ఏ డెస్క్‌టాప్ వ్యక్తిత్వమూ పణంగా లేదు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికనే తీసుకోవచ్చు. ఏ కీ నొక్కితే 'క' రావాలి, ఏది నొక్కితే పొల్లు రావాలి అనే సమాచారం అందరూ పంచుకునే కీబోర్డు దత్తాంశంలో ఒక్కచోట ఉంటుంది. ఎక్స్‌కేబీకామన్ దాన్ని చదువుతుంది. ఆ అమరికలో ఒక తప్పు దిద్దితే అన్ని డెస్క్‌టాప్‌లలోనూ దిద్దినట్లే.

డబ్ల్యుఎల్‌రూట్స్ కథ ఇంత సూటిగా ఉండదు. స్వే అనే కంపోజిటర్ మొదట డబ్ల్యుఎల్‌సీ అనే లైబ్రరీ మీద నడిచేది. దాని పరిమితులతో విసిగిన డ్రూ డివాల్ట్, మరికొందరు కలిసి 2017లో డబ్ల్యుఎల్‌రూట్స్‌ను మొదలుపెట్టారు. దాని ఆధారంగా స్వే 1.0 రూపం 2019లో వచ్చింది. మీరు ఎలాగూ రాయవలసివచ్చే అరవై వేల వరుసలు ఇవి అని ఆ ప్రాజెక్టు తన గురించి తాను చెప్పుకుంటుంది. అందులో గొప్ప ఉంది, కానీ అబద్ధం లేదు. ఇందాక చెప్పిన డి.డబ్ల్యు.ఎం.కు వేలాండ్ తమ్ముడిలా డి.డబ్ల్యు.ఎల్. వచ్చింది, అది కూడా చిన్న ప్రోగ్రామే. ఎక్స్‌తోపాటు పోయిందనుకున్న ఆ స్వేచ్ఛను, ఒక్క మనిషి కూర్చొని విండో మేనేజర్ రాయగల స్వేచ్ఛను, ఈ లైబ్రరీయే తిరిగి తెచ్చింది. దీని మీద ఎన్ని విమర్శలు చేసినా ఈ మేలును మరచిపోకూడదు.

రాస్ప్‌బెర్రీ పై అనుభవం ఇంకా విలువైనది. ఆ చిన్న కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ 2023లో వేఫైర్ అనే కంపోజిటర్‌కు మారింది. వేఫైర్ వెళ్తున్న దారి తమ పాత బోర్డుల గ్రాఫిక్స్ శక్తికి సరిపడదని తేలడంతో 2024లో లాబ్‌డబ్ల్యుసీకి మారారు. రెండూ డబ్ల్యుఎల్‌రూట్స్ మీద కట్టినవే. పునాది ఒకటే కాబట్టి పైకప్పు మార్చుకోగలిగారు.

అయితే ఆ పునాది స్థిరంగా ఉండదు. డబ్ల్యుఎల్‌రూట్స్ ఇంకా సున్నాతో మొదలయ్యే సంఖ్యలతోనే విడుదలవుతోంది. ప్రతి పెద్ద విడుదలలోనూ ఫంక్షన్లు మారతాయి, పేర్లు మారతాయి, దానిమీద ఆధారపడిన కంపోజిటర్లన్నీ మళ్లీ సర్దుకోవాలి. ఇది నిర్లక్ష్యం కాదు. సరైన రూపం ఏదో ఇంకా వెతుకుతున్నామని వారు ఒప్పుకోవడమే. కానీ నెలకొకసారి సాయంత్రం వేళ తన కంపోజిటర్‌ను ముట్టుకునే వ్యక్తికి ఈ నిజాయితీ భారమే. హైపర్‌ల్యాండ్ 2024లో డబ్ల్యుఎల్‌రూట్స్‌ను వదిలి తన సొంత లైబ్రరీకి మారింది. రస్ట్ భాషలో రాయదలచినవారు స్మిథే అనే మరో లైబ్రరీని కట్టుకున్నారు. కాస్మిక్ డెస్క్‌టాప్, నీరి దానిమీద నడుస్తున్నాయి. వెస్టన్ తన కోడ్‌ను లిబ్‌వెస్టన్‌గా ఇస్తోంది. కెనానికల్ 2013లో వేలాండ్‌కు పోటీగా ప్రకటించిన మిర్ కూడా చివరకు వేలాండ్ కంపోజిటర్లు కట్టుకునే లైబ్రరీగా మారింది. చీలికలకు మందుగా వచ్చిన లైబ్రరీలే ఇన్ని అయ్యాయి.

ఇంతకూ గ్నోమ్, కేడీఈ డబ్ల్యుఎల్‌రూట్స్‌ను ఎందుకు తీసుకోలేదు? ఈ ప్రశ్న వేసేవారు కాలక్రమాన్ని గమనించరు. డబ్ల్యుఎల్‌రూట్స్ మొదలైంది 2017లో. 2016 నవంబరులో విడుదలైన ఫెడోరా 25 అప్పటికే గ్నోమ్‌ను వేలాండ్ మీద ఇస్తోంది. కెవిన్, మట్టర్ రెండూ ఎక్స్ కాలం నుంచి ఎదుగుతూ వచ్చిన విండో మేనేజర్లు. కిటికీని ఎలా గీయాలి, కదలికలను ఎలా చూపాలి అన్నది వాటి టూల్‌కిట్‌లతో, అలవాట్లతో పెనవేసుకొని ఉంది. పుట్టని లైబ్రరీని వాడలేదని ఎవరినీ తప్పుపట్టలేం. పుట్టిన తర్వాత మారాలంటే ఆదా అయ్యే శ్రమ కంటే మార్పిడికి అయ్యే శ్రమే ఎక్కువ. లైబ్రరీ వాదం ఖాళీ స్థలంలో ఇల్లు కట్టేవాడికి సరిపోతుంది. కాపురం ఉన్న ఇంటికి పునాది మార్చమంటే సరిపోదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
లిబ్‌ఇన్‌పుట్‌ను అందరూ స్వీకరించారు, డబ్ల్యుఎల్‌రూట్స్‌ను కొందరే స్వీకరించారు. ఈ తేడాకు కాలక్రమం ఒక్కటే కారణమా? మీ మాటల్లో పది వాక్యాలకు మించకుండా రాయండి.

9.5 ఒప్పందాల ఆలస్యం

ప్రవర్తనలో తేడాలకు మందు లైబ్రరీ కాకపోతే మరేది? ప్రోటోకాల్ ఒప్పందం. వేలాండ్ ప్రోటోకాల్స్ అనే ఉమ్మడి సంపుటిలో కొత్త అంశాలను చర్చించి చేరుస్తారు. ఇది నిదానంగా నడిచే పని. రంగుల నిర్వహణకు సంబంధించిన ప్రోటోకాల్ ఏళ్ల తరబడి చర్చల్లో నలిగి 2025 ఫిబ్రవరిలో చేరింది. అంతకాలం ఫోటోలు దిద్దేవారికి ఎక్స్‌ను వదలకపోవడానికి గట్టి కారణమే ఉంది.

ఈ ఆలస్యంలో డబ్ల్యుఎల్‌రూట్స్ ఒక విచిత్రమైన పాత్ర పోషించింది. ఒప్పందం కోసం ఆగకుండా తన సొంత పొడిగింపులు తయారుచేసుకుంది: తెరను పట్టుకోవడానికి ఒకటి, పట్టీలూ వెనుక చిత్రాలూ నిలపడానికి లేయర్ షెల్ ఒకటి, ఇంకా కొన్ని. వాటి ఆధారంగా చిన్న చిన్న ఉపకరణాలు పుట్టుకొచ్చాయి. లేయర్ షెల్‌ను కేడీఈ కూడా తీసుకుంది, గ్నోమ్ తీసుకోలేదు. అంటే కోడ్ పంచుకోవడానికి పుట్టిన లైబ్రరీ, చెప్పకుండానే ఒక ప్రమాణాల సంఘంగా మారింది. దీన్ని నేను తప్పుగా లెక్కించను. తెర పట్టుకునే పాత పొడిగింపు అనుభవం నుంచే 2024లో ఉమ్మడి ప్రోటోకాల్ వచ్చింది. కానీ మధ్యలో గడిచిన ఏళ్లలో, ఒకే లైబ్రరీ వాడేవారి మధ్య ఐక్యత పెరిగినకొద్దీ ఆ గుంపుకూ గ్నోమ్‌కూ మధ్య దూరమూ పెరిగిందన్నది కూడా నిజం.

తెరను పంచుకోవడంలో అసలు ఊరట మరో వైపు నుంచి వచ్చింది. వీడియో సమావేశంలో మీ తెరను చూపాలంటే బ్రౌజర్ ఇప్పుడు కంపోజిటర్‌ను నేరుగా అడగదు. డెస్క్‌టాప్ పోర్టల్ అనే మధ్యవర్తిని అడుగుతుంది. పోర్టల్ మీ అనుమతి తీసుకొని, పైప్‌వైర్ ద్వారా బొమ్మలను అందిస్తుంది. పోర్టల్ వెనుక గ్నోమ్‌కు ఒక భాగం, కేడీఈకి ఒకటి, డబ్ల్యుఎల్‌రూట్స్ కంపోజిటర్లకు మరొకటి వేరువేరుగా ఉన్నాయి. లోపల కోడ్ ఏమాత్రం ఏకం కాలేదు, బ్రౌజర్‌కు కనిపించే ముఖం మాత్రం ఒక్కటైంది. పునరుక్తి మిగిలింది, తేడా పోయింది.

9.6 తెలుగు టైపు చేసేవారి సంగతి

ఇన్‌స్క్రిప్ట్ వాడేవారికి ఇబ్బంది లేదని పైన చెప్పుకున్నాం. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవారి సంగతి వేరు. వారు ఆర్.టి.ఎస్. వంటి పద్ధతిని ఐబస్ అనే ఇన్‌పుట్ మెథడ్ ద్వారా వాడతారు. 'amma' అనే వరుసలో కీలు కొడుతుంటే, అవి నేరుగా అప్లికేషన్‌కు వెళ్లకుండా ఇన్‌పుట్ మెథడ్‌కు వెళ్లాలి. అక్కడ 'అమ్మ'గా మారి తిరిగి రావాలి. మారుతున్న దశలో ఉన్న అక్షరం కూడా గీత కింద కనిపిస్తూ ఉండాలి. దీనికి వేలాండ్‌లో రెండు ఒప్పందాలు కావాలి: అప్లికేషన్‌కూ కంపోజిటర్‌కూ మధ్య ఒకటి, కంపోజిటర్‌కూ ఇన్‌పుట్ మెథడ్‌కూ మధ్య ఒకటి.

మొదటి ఒప్పందానికి ఒకటో రూపం, మూడో రూపం రెండూ వాడుకలో ఉన్నాయి. రెండో ఒప్పందానికీ అంతే: కెవిన్ ఒకటో రూపం వాడుతుంది, డబ్ల్యుఎల్‌రూట్స్ రెండో రూపం ఇస్తుంది. గ్నోమ్ ఈ రెండూ కాకుండా ఐబస్‌తో తన దారిలో నేరుగా మాట్లాడుతుంది. అప్లికేషన్ వైపు గ్నోమ్ చాలాకాలం మూడో రూపాన్నే ఇచ్చింది. క్రోమియం చాలాకాలం ఒకటో రూపం ఒక్కదాన్నే అర్థం చేసుకునేది. మూడోదాన్ని తర్వాత చేర్చుకుంది. ఆ మధ్యకాలంలో గ్నోమ్ మీద క్రోమియాన్ని ఎక్స్‌వేలాండ్ లేకుండా నడిపితే, పక్క ఎడిటర్‌లో చక్కగా వచ్చే తెలుగు బ్రౌజర్‌లోని పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలుగానే పడేది. వాడుకరి తప్పేమీ లేదు. ఐబస్ తప్పూ కాదు.

ఇప్పుడు మన వాదాన్ని ఈ పరిస్థితికి ఆన్వయించి చూడండి. గ్నోమ్, కేడీఈలు కూడా డబ్ల్యుఎల్‌రూట్స్ మీదే కట్టి ఉంటే, సర్వర్లన్నీ ఒకే రూపం మాట్లాడేవి. అది నిజమైన మేలే. అయినా క్రోమియం వేరే రూపం మాట్లాడుతున్నంతకాలం ఆ పెట్టెలో తెలుగు పడేది కాదు. ఒప్పందానికి రెండు కొసలున్నాయి, సర్వర్ లైబ్రరీ ఒక కొసనే పట్టుకుంటుంది. పైగా లైబ్రరీలో ప్రోటోకాల్ ఉన్నంతమాత్రాన కంపోజిటర్‌లో అది పనిచేయదు. దాన్ని తన కిటికీలకు కలిపే పని ప్రతి కంపోజిటర్ రచయితా విడిగా చేయాలి. ఇంగ్లీషు మాత్రమే టైపు చేసే రచయితకు ఆ లోటు తన తెర మీద ఎప్పుడూ కనిపించదు. తెలుగు, చైనీస్, జపనీస్ వాడుకరులు ఫిర్యాదు రాస్తే తప్ప ఆ పని జాబితాలో పైకి రాదు. చైనీస్, జపనీస్ వారు రాస్తున్నారు. వారు సాధించిన సవరణల మీదే మన ఆర్.టి.ఎస్. కూడా నడుస్తోంది.

మీ దగ్గర వేలాండ్ మీద నడిచే లినక్స్ ఉంటే టెర్మినల్‌లో వేలాండ్-ఇన్ఫో అనే ఆదేశం ఇవ్వండి. మీ కంపోజిటర్ అప్లికేషన్లకు ఇస్తున్న ప్రోటోకాల్‌ల పేర్లు, వాటి రూపాల సంఖ్యలతో వరుసగా వస్తాయి. గ్నోమ్‌లో టెక్స్ట్-ఇన్‌పుట్ మూడో రూపం కనిపిస్తుంది, లేయర్ షెల్ కనిపించదు. కేడీఈ ఉన్న మిత్రుని కంప్యూటర్‌లో అదే ఆదేశం ఇచ్చి రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తరువాత ఐబస్‌లో తెలుగు ఎంచుకొని, మీరు రోజూ వాడే ప్రతి ప్రోగ్రామ్‌లోనూ మీ పేరు టైపు చేసి, ఎక్కడ సరిగా వచ్చిందో, ఎక్కడ రాలేదో రాసుకోండి. సంప్రదింపు తరగతికి ఆ కాగితం తీసుకురండి.